బొంతకు కట్టవలసిన చీటీ

(మన సంఘపు మహిళా సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మీ యెదుట బల్లపై పరచియున్న వస్తువులను మీరందరును లోనికి వచ్చునప్పుడే చూచియుందురు. మూడు బొంతలు, పదునొకండు చేతిసంచులు. కొన్ని ఆసాంతము బాతిక్ గుడ్డతో కుట్టినవి. కొన్నిటియందు పాత నూలు చీరల ముక్కల నడుమ బాతిక్ ముక్కలు అతికియున్నవి. నీలిపై తెల్లని గీతలు, ముదురు ఎఱుపుపై పసుపు పూవులు, గోధుమరంగుపై సాలెగూటివంటి చీలికలు, చూచుటకు ముచ్చటగనే యున్నవి. కుట్టినవారిలో మన యిండ్ల ఆడపడుచులును గలరు, మన వీథులయందలి కన్నడపు తల్లులును గలరు. వీనిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరిరి. మేము కుట్టుపనిలో ప్రవీణులము కాము. పాతబట్ట చింపి యిచ్చుట, సూదిలో దారమెక్కించుట, వంకరపోయిన కుట్టు విప్పుట, ఇంతవరకే మా విద్య. అయినను ఈ వస్తువులు అమ్మకమునకు పోవునప్పుడు వానికి కట్టు చీటీపై ఏమి వ్రాయవలెనను విషయమున మాకొక చిక్కు కలిగినది. దానిని మీ ముందుంచుటకే మాటలాడ నొప్పుకొంటిమి.

చీటీ మాటకు చివర వచ్చెదము. ముందు బొంత మాట.

మన భాషలో ఒక కావ్యమునో ఒక చట్టమునో నిందింపదలచినవారు దానిని అతుకుల బొంత యందురు. ఆ నింద పుట్టించినవారు బొంత కప్పుకొనియుందురే గాని కుట్టియుండరని మా యనుమానము. చిరిగినచోట గుడ్డను నిలుపునది ఆ అతుకే గదా! సంస్కృతమున దీనిని కంథ యందురు; సన్న్యాసుల వర్ణనలలో తఱచుగ వినవచ్చు మాట. వంగదేశపు స్త్రీలు కుట్టు కాంథా ఆ మాటయే. బీహారులో సుజనీ, సింధు రాజస్థానములందు రల్లీ, మన యుత్తర కర్ణాటకమున కౌది. దేవదుర్గపు తెలుగిండ్లలో ఈ వస్తువునకు రెండు పేర్లును చెల్లును. పెట్టెలో మడిచి యున్నప్పుడు బొంత. కుట్టు అవ్వ వచ్చి వాకిట కూర్చున్నప్పుడు కౌది. "కౌదికి బట్టలు తీసిపెట్టినావటే?" అని మా పెద్దలు తెలుగులోనే ఒకరినొకరు అడుగుట మేము చిన్ననాట వింటిమి. ఆ మాట కన్నడమని మాకు చాల కాలమునకు గాని తెలియలేదు. అవ్వ యను పిలుపును అట్టిదే. మనకు అవ్వ యనగా తల్లినో తండ్రినో కన్నది; ఈ సీమ కన్నడిగులకు అవ్వ యనగా కన్నతల్లి. కుట్టవచ్చినామెను మేము పెద్దదిక్కని పిలిచితిమి, ఆమె తల్లినని పలికినది. ఏ చిక్కును రాలేదు.

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న ఈ అంతర్వేదిలో ఎండ మండినంతగా చలి బాధింపదు. మార్గశిర పుష్యములందు తెల్లవారుజామున మాత్రము మీద ఒకటి కావలసియుండును. గొంగళి ఒంటికి కఱచును. దూదిబొంత యన్నచో ఉతుకుటకు వీలుగాదు. పాతచీరల బొంత మెత్తన. బావికడ ఉతికి గోడపై ఆరవేసిన ఒక్క ఎండకు ఆరును. మంచముపై పరచుటకు, మీద కప్పుటకు, బండిలో గడ్డిపై వేసికొనుటకు, బాలింతరాలి గదిలోనికి, ఉయ్యెలలోనికి అదియే. మనలో కొన్ని కుటుంబములు నిజాము కాలమునుండి ఇక్కడ నున్నవి; కొన్ని కాలువ నీరు వెదకుకొనుచు వచ్చినవి. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రము విడిపోయి, రాయచూరు జిల్లానుండి గద్వాల, ఆలంపురము తాలూకాలు ఆంధ్రప్రదేశమునకు పోయినప్పుడు, మనము ఇటువైపు మిగిలినవారము. పెండ్లిచీరలు గద్వాలనుండియు నారాయణపేటనుండియు వచ్చుట మానలేదు. అవి చినిగిన తరువాత ఇలకల్లు చీరల సరసన ఒకే కౌదిలో చేరుటయు మానలేదు. మా యింట మిగిలిన ఒక పాత కౌదిలో నడుమ ఇలకల్లు చెఱగు ఎఱ్ఱగా నుండును. దాని నాలుగు దిక్కుల నారాయణపేట గళ్ళు. ఏ ముక్క ఎవరిదో చెప్పగలవారు ఇప్పుడు లేరు.

కుట్టు విధము తెలియని చిన్నవారికొఱకు కొంచెము చెప్పుదుము. 9 గజముల చీర యనగా 27 అడుగులు. దానిని నాలుగు సమభాగములు చేసిన ఒక్కొక్కటి 6¾ అడుగులు వచ్చును. పన్నా 45 అంగుళములనుకొన్నచో, రెండు భాగములు ప్రక్కప్రక్కన చేర్చిన 7½ అడుగుల వెడల్పగును. అనగా ఒక్క చీరతో ఇద్దరు పండుకొను బొంతకు రెండు పొరలు సిద్ధమగును. చీర నడుము భాగము ముందుగా నలుగును, అంచులు తరువాతగాని చినుగవు. కావున ముందు అంచులు విప్పి వేఱుగ దాచవలయును. బొంత నాలుగు వైపుల కట్టుటకు వానిని మించినది లేదు. పొరలు పరచి, ముడుతలు లేకుండ తట్టి, పైన ముక్కలు పేర్చి, వాని అంచులు లోనికి మడిచి, సూదిని పైకిని క్రిందికిని పోనిచ్చు సాదా కుట్టుతో వరుసలు పెట్టుదురు. మా అవ్వ అంచునుండి మొదలిడి నడిమికి వచ్చెడిది. ఉత్తర కన్నడ జిల్లాలో హళియాళ, యెల్లాపురము, ముండగోడు ప్రాంతములయందలి సిద్దీ స్త్రీలు కుట్టు కవందీలును అట్లే అంచునుండి నడిమికి తిరిగివచ్చును. ఆ సిద్దీల పూర్వులు ఆఫ్రికా ఖండమునుండి వచ్చినవారు. వారు బొంత నాలుగు మూలలయందును పూవువలె మడిచిన ముక్కలను కుట్టుదురు. అవి లేనిది బొంత నిండదని వారి పట్టుదల. మా అవ్వ పట్టుదల వేఱు. చివరి సందు మూయుటకు ముందు జొన్నరొట్టె తునక ఒకటి లోపల ఉంచెడిది. కౌది కడుపు ఖాళీగా ఉండరాదట. చీమలు పట్టునని మా యింట ఒకరు గొణుగుచుండెడివారు. ఆ గొణుగుడు ఆమె చెవికి ఎక్కినట్లు మాకు జ్ఞాపకము లేదు.

ఇప్పుడొక లెక్క. ఒక్కరు కప్పుకొను బొంత 6 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు అనుకొందము. కుట్టు వరుసల నడుమ ముప్పాతిక అంగుళము ఎడముంచిన 80 వరుసలు వచ్చును. ఒక్కొక్క వరుస 6 అడుగులు. మొత్తము 480 అడుగులు, అనగా 160 గజముల కుట్టు. అంగుళమునకు నాలుగు కుట్లు వేసినచో 23,040 కుట్లు. చేయి తిరిగినామె ఒక వరుసను ఇరువది నిమిషములలో ముగించినను, అన్నిటికి 26 గంటల 40 నిమిషములు పట్టును. ముక్కలు కత్తిరించుట, పేర్చుట, అంచు కట్టుట దీనిలో చేరలేదు. దినమునకు ఆఱు గంటలు కదలక కూర్చుండి కుట్టినను అయిదు దినముల పని. ఈ లెక్కను మేము మొన్ననే కాగితముపై వేసి చూచితిమి. అంతకు ముందెన్నడును వేయకపోవుటయే మా తప్పు. పూర్వము కుట్టుకూలి యనగా కొన్ని శేర్ల జొన్నలు, ఒక పాత రవిక, భోజనము. అదియును బేరమాడియే.

బొంతలు కుట్టించుట మన యిండ్లలో ఎందులకు తగ్గినదో మీకు తెలియును. నైలాను, పాలియెస్టరు చీర పాతబడినను మెత్తబడదు, చెమట పీల్చదు, పొరలు ఒకదానిపై నొకటి జారును, సూది గ్రుచ్చిన వరుస తిన్నగా నిలువదు. నూలు చీర కట్టువారు తగ్గిన తరువాత బొంతకు ముడిసరకు తగ్గినది. పానిపట్టునుండి పాత ఉన్నిబట్టలను పీకి వడికిన నూలుతో నేసిన కంబళ్ళు చౌకగా వచ్చి పడినవి. ఊరూర తిరిగి కుట్టు స్త్రీల కూతుండ్రు వేఱు పనులకు పోయిరి. ఇట్లుండగా మన యువతులు కొందరు దర్జీ దుకాణముల కత్తిరింపులు, రాయచూరు బజారున తూకముపై దొరకు బాతిక్ బిట్లు తెచ్చి ఈ పనిని మరల మొదలుపెట్టిరి. పాత చీరకు మాఱుగా క్రొత్త గుడ్డను తుంచి అతుకుట ఏమి బొంతయని మేము మొదట పెదవి విఱిచితిమి. ఇప్పటికిని, అంగడిలో మీటరు లెక్కన క్రొత్త బాతిక్ కొని ముక్కలు చేసి మరల అతుకుట మాకు రుచింపదు. బిట్ల సంగతి వేఱు. అవి ఎట్లును పాఱవేయబడునవియే.

బాతిక్ అను మాట జావా ద్వీపమువారిది. కరగిన మైనముతో గుడ్డపై గీతలు గీసి రంగునీట ముంచిన, మైనమున్నచోట రంగు పట్టదు. తరువాత వేడినీట మైనము తీసివేసిన గీతలు తెల్లగా తేలును. మరల మైనము, మరల రంగు. ఎన్ని రంగులు కావలెనన్న అన్ని ముంపులు. జావాలో చంతింగ్ అను చిన్న రాగిగిన్నె కలదు. దాని సన్నని ముక్కునుండి మైనము ధారగా కాఱుచుండ స్త్రీలు గీతలు గీయుదురు. పందొమ్మిదవ శతాబ్దపు నడిమి కాలమున రాగి అచ్చులు వచ్చినవి. వానిని చాప్ అందురు, మన ఛాపా యను మాటకు చుట్టమువలె వినిపించును. రంగుతొట్టి వేడిగా నుండిన మైనము కరగును గనుక ఈ పనికి చన్నీటి రంగులే కావలయును, నీలిమందు అట్టిది. తేనెమైనము సాగును, పారఫిన్ మైనము పెళుసు. రెండును కలిపిన పాళ్ళనుబట్టి ముంచునప్పుడు మైనము పగులును. పగుళ్ళలోనికి రంగు దిగి ఆ సాలెగూటి చీలికలు ఏర్పడును. మీరు బల్లపై చూచినవి అవియే. 2009లో ఐక్యరాజ్యసమితి విద్యా సంస్కృతి సంస్థ, యునెస్కో, ఇండోనేషియా బాతిక్‌ను మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చినది.

ఇంతమాత్రమున ఇది పూర్తిగా పరదేశపు విద్య యని తలపవద్దు. గుడ్డపై నీలి పట్టవలసినచోటు తప్ప తక్కినదంతయు మైనముతో కప్పి నీలితొట్టిలో ముంచుట మన కోరమాండల తీరపు అద్దకమువారు ఎఱిగిన పనియే. మచిలీపట్టణమున డచ్చివారు పదునేడవ శతాబ్దారంభముననే దిగిరి. ఆంగ్లేయులు 1611లో వచ్చిరి. వారు మన తీరపు అద్దకపు బట్టలను కొని తూర్పు దీవులకు కొనిపోయి మిరియములకు, లవంగములకు మార్చుకొనిరి. వారికి ముందు మన దేశపు వర్తకులును ఆ బేరము చేసినవారే. జావా బట్టల కొనలయందు కానవచ్చు త్రికోణముల వరుస మన తీరపు బట్టలనుండి పోయినదని చరిత్రకారులు కొందరు చెప్పుదురు. 1927లో రవీంద్రనాథ ఠాకూరు జావా, బాలి ద్వీపములకు పోయివచ్చిరి. శాంతినికేతనమున బాతిక్ వేళ్ళూనినది ఆ దశాబ్దముననే. మద్రాసు చెంత చోళమండలమున 1966లో ఊరు కట్టుకొన్న చిత్రకారులు, చిత్రములు అమ్ముడుపోని దినములలో బాతిక్ గుడ్డలు చేసి బ్రదికిరి. ఇప్పుడు ఉజ్జయిని ప్రక్కనున్న భేరూగఢ్‌లోను, కచ్ఛదేశపు ముంద్రాలోను ఈ పనివారు గలరు. దేవదుర్గలో బాతిక్ వేయువారు లేరు. మనకు చేరునది గుడ్డ మాత్రమే.

ఆ గుడ్డలోను మోసము కలదు. అంగళ్ళలో బాతిక్ అని అమ్మునది చాలవరకు మిషనుపై అచ్చొత్తినది. నిజమైన బాతిక్ రంగునీట మునిగినది గనుక ముందు వెనుకల ఒక్క తీరుననే యుండును. అచ్చుగుడ్డ వెనుక వెలవెలబోవును. చీలికలు ఒకచోట ఉన్నట్లు మఱియొకచోట ఉండవు. మూరెడు దూరమున అదే చీలిక అచ్చముగా మరల కనబడినచో అది యంత్రపు పని. అచ్చుగుడ్డతో సంచి కుట్టరాదని మా అభిప్రాయము కాదు. అచ్చుగుడ్డయని చెప్పి కుట్టుడు.

బాతిక్ ముక్కలతో బొంత కుట్టువారు ఒక్క విషయమున తొందరపడరాదు. కుట్టుటకు ముందే ప్రతి ముక్కను వేఱువేఱుగ గోరువెచ్చని నీట ఉతుకవలయును. పాతచీర ఇదివఱకే కుంచించుకొనవలసినంత కుంచించుకొన్నది. క్రొత్త గుడ్డ అట్లు కాదు. రెండును కలిపి కుట్టి తరువాత ఉతికితిమా, క్రొత్తముక్క ముడుచుకొని చుట్టునున్న పాతబట్టను లాగి, బొంతయంతయు గొంగడిపురుగువలె మెలిదిరుగును. బల్లపై ఎడమవైపున నున్న బొంత అట్టిదే. దానిని సిగ్గువిడిచి ఇక్కడ పెట్టినవారిని మేము మెచ్చుకొనుచున్నాము. రంగు దిగునో లేదో చూచుటకు తడి ముక్కను తెల్లని పాతగుడ్డపై పెట్టి పైన బరువుంచి, ఒక రాత్రి విడువవలయును. ఉదయమునకు తెల్లగుడ్డపై మరక పడినచో ఆ ముక్క మరల నీళ్ళలోనికి పోవలసినదే. ఉప్పునీట నానబెట్టిన రంగు నిలుచునని మన యిండ్లలో గట్టి నమ్మకము కలదు. ఊడిపోవు రంగును ఉప్పు ఆపలేదు. మేము రెండు గుప్పెళ్ళ ఉప్పును, ఒక మంచి లేతపసుపు చీరను పోగొట్టుకొని ఇది నేర్చితిమి. ముక్క జిడ్డుగా తగిలినచో మైనము మిగిలియున్నదని తెలిసికొనవలయును. రెండు పాత వార్తాపత్రికల నడుమ నుంచి ఇస్త్రీపెట్టె నడిపిన మైనము కాగితమునకు పట్టును. (మన వారపత్రికను మాత్రము చదివిన పిమ్మటనే వాడుడు.)

బాతిక్‌కై నేసిన గుడ్డ దట్టమైన నేత గలది. పాతచీరలో పోవునట్లు సూది దానిలో పోదు. అయిదు పొరలు పెట్టినచో వ్రేలికి గాయమే. కావున బాతిక్ పై పొరకు మాత్రమే ఉంచి, లోపల రెండు పొరల పాత నూలు చీర, అడుగున పాత ధోవతియో దుప్పటియో వేసిన, బొంత మెత్తగను ఉండును, చేయియు నిలుచును. మిషనుపై కుట్టవచ్చునా యని కొందరు అడిగిరి. కుట్టవచ్చును, త్వరగ అగును. అయితే మిషను కుట్టు పొరలను బిగియించి పలకవలె చేయును. పసిపిల్లలకు కప్పు బొంత చేతితో కుట్టినదే మంచిది. సంచులకు మిషనే మంచిది.

సంచి యనగా మా చిన్ననాట మొదట జ్ఞాపకము వచ్చునది ముసలమ్మల నడుమున దోపిన చంచి. దానిలో ఒక అఱలో వక్కలు, ఒక అఱలో ఆకు, ఒక అఱలో సున్నపుకాయ, అన్నిటికన్న లోపలి అఱలో డబ్బు. త్రాడు లాగిన మూతి ముడుచుకొనును. ఈ మాటయు రెండు భాషలలో నున్నదే. మైసూరు చిక్కదేవరాయ ఒడయరు అంతఃపురమున రాణికి తాంబూలపు సంచి మోసిన స్త్రీ ఒకతె పదునేడవ శతాబ్దమున హదిబదెయ ధర్మమను కావ్యము వ్రాసినది. కన్నడ సాహిత్యమున ఆమె పేరు సంచి హొన్నమ్మ. సంచి మోసిన చేయి కావ్యము వ్రాసెనని కన్నడిగులు ఆమె పేరునుండి ఆ మాటను తీసివేయలేదు. ఇది మాకు చాల నచ్చిన సంగతి.

నేటి సంచులకు గిరాకి వచ్చిన కారణము వేఱు. కర్ణాటక ప్రభుత్వము 2016లో ప్లాస్టిక్ చేతిసంచులను నిషేధించినది. దేశమంతట 2021 సెప్టెంబరు 30నుండి 75 మైక్రానులకు తక్కువ మందము గల ప్లాస్టిక్ సంచులు, 2022 డిసెంబరు 31నుండి 120 మైక్రానులకు తక్కువవి చెల్లవని కేంద్రప్రభుత్వపు నిబంధన. నిబంధన యున్నంత మాత్రాన సంతలో పలుచని సంచులు మాయమైనవని మేము చెప్పబోము. మీ కన్నులు మీకున్నవి. అయినను గుడ్డసంచి అడుగువారు పెరిగిరి. బాతిక్ సంచికి అస్తరు తప్పక వేయవలయును. పాత దుప్పటి చాలును. పిడి సంచి నోటివద్ద మాత్రము కుట్టిన రెండు నెలలలో ఊడివచ్చును. పిడిగుడ్డను సంచి అడుగువఱకు దింపి, అడుగునుండి మరల పైకి తెచ్చి కుట్టినచో బరువు అడుగున పడును. మా వీథి స్త్రీలు కుట్టిన సంచిలో అయిదు సేర్ల జొన్నలు వేసి చిలుకకొయ్యకు ఒక రాత్రి వ్రేలాడదీసి చూచుచున్నారు. ఊడిపోయినవానిని విప్పి మరల కుట్టుచున్నారు.

ఇక చీటీ సంగతి.

గత సంవత్సరము ఒక అమ్మకమునకై మేము పండ్రెండు సంచులు కుట్టించితిమి. గుడ్డ మాది. కుట్టినది మా వీథి చివరనున్న ఒక కన్నడపు అవ్వ, ఆమె కోడలు. సంచికింతయని కూలి మాటలాడుకొంటిమి. ఆమె అడిగినదానిలో కొంత తగ్గించితిమి. బేరమాడుట మన కలవాటు గదా. చీటీలపై చక్కని అక్షరములతో "ఆంధ్ర హస్తకళ" అని వ్రాసి కట్టితిమి. ఒక్క పూటలో అన్నియు అమ్ముడుపోయినవి. మరునాడు ఆమె త్రోవలో ఎదురై, కన్నడముననే, "ఎంతకు పోయినవక్కా?" అని అడిగినది. ఆ ప్రశ్నలో నిష్ఠూరమేమియు లేదు; సంతోషముగనే అడిగినది. మేము ధర చెప్పలేకపోతిమి. "ఏదో పోయినవిలే అవ్వా" అని తల వంచుకొని నడచిపోతిమి. చెప్పలేని ధర మేమెందులకు పుచ్చుకొంటిమా యని ఆనాటినుండి ఆలోచించుచున్నాము.

ఇది మన వీథి సంగతి మాత్రము కాదు. అమెరికాలో అలబామా రాష్ట్రమున జీస్ బెండ్ అను పల్లె కలదు. పూర్వము బానిసలుగ నుండిన నీగ్రో జాతివారి సంతతి అక్కడి స్త్రీలు; పాత పనిబట్టలతో బొంతలు కుట్టుదురు. 2002లో ఆ బొంతలను హ్యూస్టన్ నగరపు చిత్రశాలలో, పిమ్మట న్యూయార్కులో గోడలకు వ్రేలాడదీసి ప్రదర్శించిరి. 2006లో అమెరికా తపాలాశాఖ వానిపై బిళ్ళలు వేసినది. 2007లో ఆ స్త్రీలలో కొందరు తమకు రావలసిన పైకము తమకు చేరలేదని న్యాయస్థానమునకు పోయిరి. మరు సంవత్సరము రాజీ కుదిరినది. బొంత గోడ నెక్కిన పిమ్మటను కుట్టినదాని కూలి మాట తెగదు.

మనలో ఒకరిద్దరు మాతో వాదించిరి. మనది భాషాల్పసంఖ్యాకుల సంఘము. రాజ్యాంగపు 29వ అధికరణము ఏ ప్రత్యేక భాష, లిపి, సంస్కృతి గల వర్గమునకైనను దానిని కాపాడుకొను హక్కు నిచ్చినది. మన యమ్మకములలో మన పేరు పెట్టుకొనుట ఆ హక్కులోనిదే యని వారి వాదము. హక్కు నిజమే, మేము కాదనము. మన పిల్లలకు తెలుగు బడి కావలెనని కాగితములు పట్టుకొని కార్యాలయముల మెట్లెక్కినవారిలో మేమును ఉన్నాము. కాని ఈ బొంత విషయమున ఆ హక్కు మనకెట్లు చుట్టమగునో మాకు తోచలేదు. కౌది కుట్టు విద్యను మన నాయనమ్మలు ఈ నేలపై, ఈ నేలవారి ప్రక్కన కూర్చుండి నేర్చిరి. గుడ్డ పేరు జావాది, నారాయణపేట గళ్ళు మన తెలుగు నేలవి, నడిమి చెఱగు ఇలకల్లుది, చేయి అవ్వది. దానిపై ఆంధ్ర హస్తకళ యని వ్రాయుటకు మాకు ఇప్పుడు చేయి రాదు.

మఱియొకరు, అమ్మకము బాగుండునని, బాతిక్ సంచిపై కలంకారి యని వ్రాయుద మనిరి. ఇది మఱింత చిక్కు. శ్రీకాళహస్తి కలంకారికిని మచిలీపట్టణపు కలంకారికిని 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టము క్రింద నమోదు కలదు. ఆ పేరును మఱియొక గుడ్డకు కట్టుట చట్టవిరుద్ధము. కరక్కాయ నీటను పాలను కలిపి గుడ్డను పదును పెట్టి, బెల్లమును ఇనుపముక్కలను పులియబెట్టి నల్లరంగు తీసి, పటికతో ఎఱుపు పట్టించు ఆ పనివారి కష్టమును మన రెండు గంటల సంచికి అతికింపరాదు. తెలుగువారమైన మనమే ఆ పేరును చెఱిచినచో అడుగువా రెవ్వరు?

కావున కార్యవర్గముతో మాటలాడి మేమొక చీటీ సిద్ధపఱచితిమి. ముందు వైపున "కౌది-బొంత, దేవదుర్గ" అని కన్నడ లిపిలోను తెలుగు లిపిలోను ఉండును. సంచియైన "చేతిసంచి, దేవదుర్గ". దానిక్రింద గుడ్డ ఏదో ఉండును. నిజమైన బాతిక్ అయిన బాతిక్, అచ్చుగుడ్డయైన అచ్చుగుడ్డ, పాతచీరయైన పాతచీర. వెనుక కుట్టినవారి పేరు, వారు ఇష్టపడినచో మాత్రమే. ఒకామె తన పేరు వద్దనినది. పేరు చూచి కొడుకు కోపగించునట. ఆమె చీటీ వెనుక ఖాళీగా విడిచితిమి. అమ్మిన ధర ఒక పుస్తకమున వ్రాసి, కుట్టినవారు ఎప్పుడు కోరిన అప్పుడు చూపవలెనని నిర్ణయించితిమి. కూలి విషయమున పొరపొచ్చెములు ఇంకను తీఱలేదు. బొంతకు అయిదు దినముల కూలి ఇచ్చినచో ధర పెరిగి ఎవ్వరును కొనరని కోశాధికారి యందురు. ఆయన లెక్క తప్పుగాదు. ఆ ధరకు కొనువారు లేనిచో బొంతలు అమ్ముట మానివేసి, మన యిండ్లకే కుట్టించుకొందమనియు, అమ్మకమునకు సంచులు చాలుననియు మా మతము. దీనిపై ఓటు వచ్చు సమావేశమున జరుగును. కుట్టు స్త్రీలను కూడ ఆ నాడు పిలిచితిమి. వారు కన్నడమున మాటలాడుదురు, మనకందరికి కన్నడము వచ్చును గనుక తర్జుమా అక్కఱలేదు.

ఆ దినమున వచ్చువారు, ఇంట పెట్టె అడుగున నున్న నూలు చీర ఒకటి, చినిగినదైనను, తేవలయును. బాతిక్ ముక్కలున్నవారు వానిని ముందు రాత్రియే తెల్లగుడ్డపై పరీక్షించి తెండు. పెద్దకన్ను గల సూదులు సంఘమే తెప్పించుచున్నది. గత సంవత్సరపు పండ్రెండు సంచుల లెక్క ఈ కాగితమున నున్నది. తగ్గించిన కూలిని కలిపి ఆ అవ్వకు చేరవలసిన మొత్తము క్రింద వ్రాసితిమి. దానిని రేపు ఉదయము ఆమె యింటికి మేమే తీసికొని పోవుచున్నాము. సంచులు ఎంతకు పోయినవో ఈమారు చెప్పెదము.